‘మీ గురించి చెప్పండి!’

2023 సంక్రాంతి ముందు మాట. వాకిట్లో ముగ్గు వేసి చేతులు కడుక్కుంటుంటే మా వెనక వీధి అమ్మాయి పరుగులాంటి నడకతో వచ్చింది. ‘పిన్నీ, ఇంటర్వ్యూ వచ్చింది!’ అంది. ఆ మాట సంతోషంగా మొదలై చివరికొచ్చేసరికి ఏడుపులా వినిపించింది.

విషయమేమిటంటే, ఆ పిల్ల బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసరు పరీక్ష రాసింది. ప్రిలిమ్స్ దాటింది, మెయిన్స్ దాటింది. ఇంకో ఇరవై రోజుల్లో విజయవాడలో ఇంటర్వ్యూ. తల్లీ తండ్రీ ఇద్దరూ మగ్గం మీద పనిచేసేవాళ్ళే. మా చీరాల నుంచి జాండ్రపేట, వేటపాలెం దాకా ఒకప్పుడు మగ్గం చప్పుడు వినపడని వీధి ఉండేది కాదు. ఇప్పుడు ఆ చప్పుడు పలచబడింది. వాళ్ళింట్లో మాత్రం ఇంకా వినిపిస్తోంది. డిగ్రీ అయి రెండేళ్ళయింది. పొన్నూరు నుంచి ఒక సంబంధం వచ్చి కూర్చుంది. ‘ఈసారి వస్తే సరి, లేకపోతే మాఘంలో ముహూర్తం పెట్టేస్తాం’ అన్నాడట వాళ్ళ నాన్న. ఆయన్ని తప్పు పట్టలేం. ఆయన లెక్కలు ఆయనవి.

‘నాకేం తెలుసే, నేను కథలు రాసుకునేదాన్ని’ అన్నాను. ‘కథల్లో అందరిచేతా మాట్లాడిస్తావు కదా పిన్నీ, నాచేత మాట్లాడించలేవా?’ అంది. ఇంకేం అంటాం?

ఆ సాయంత్రమే మంచం మీద కళ్ళజోడు పెట్టుకు కూర్చుని నేను ఆఫీసర్నయ్యాను. ‘మీ గురించి చెప్పండమ్మా’ అన్నాను. అంతే, ఆ పిల్ల ఎక్కాలు అప్పజెప్పినట్టు ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పేరు, ఊరు, తండ్రి పేరు, చదివిన కాలేజీ, హాబీలు... పుస్తకాలు చదవడం, పాటలు వినడం. ‘ఈమధ్య ఏం పుస్తకం చదివారు?’ అన్నాను. మౌనం. ‘మీ నాన్నగారేం చేస్తారు?’ అన్నాను. తల దించుకుని ‘బిజినెస్ అండీ’ అంది.

ఆ తల దించుకోవడం నాకు బాగా తెలుసు.

2009లో నాకూ ఒక ఇంటర్వ్యూ వచ్చింది. డిగ్రీ చేతికొచ్చిన కొత్త. ఒక ప్రైవేటు కంపెనీ ఆఫీసు. గుమ్మం బయట గొడుగు పట్టుకుని మా నాన్నగారు, లోపల నేను. ‘మీ గురించి చెప్పండి’ అన్నారు. ‘మా నాన్నగారు టీచరండీ, మా అన్నయ్య బెంగుళూరులో ఉద్యోగమండీ, మా అక్కయ్యకి పెళ్ళయిపోయిందండీ’ అన్నాను. ఎదురుగా ఉన్నాయన నవ్వి, ‘అది మీవాళ్ళ గురించి కదమ్మా. మీ గురించి?’ అన్నాడు. నా గురించి చెప్పడానికి నాకేమీ తట్టలేదు. ‘సరే, పెళ్ళెప్పుడు?’ అన్నాడు. తల దించుకున్నాను. ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాను. ఆయనకి చెప్పాల్సిన జవాబు నాకు పన్నెండేళ్ళ తర్వాత, పప్పు తిరగమోత వేస్తుంటే తట్టింది!

ఆ ఇరవై రోజులూ ఆ అమ్మాయితో కూర్చుని నేర్చుకున్నవీ, తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరికో ఒకరికి పనికొస్తాయి.

అన్నిటికీ ఇంటర్వ్యూ ఉండదు

ముందు మీరు వెళ్ళే ఉద్యోగానికి అసలు ఇంటర్వ్యూ ఉందో లేదో, ఉంటే దానికెన్ని మార్కులో చూసుకోండి. కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగాలకీ, గెజిటెడ్ కాని గ్రూప్ బి ఉద్యోగాలకీ 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు తీసేసింది. 2019లో మన రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు రాతపరీక్షతోనే ఇచ్చారు. 2025లో 16,347 పోస్టులకి జరిగిన మెగా డీఎస్సీలోనూ ఇంటర్వ్యూ లేదు. కాబట్టి ‘ఇంటర్వ్యూలో పోతుంది, మనకెందుకులే’ అని దరఖాస్తే పెట్టని పిల్లలకి ముందు ఈ సంగతి చెప్పండి.

ఉన్నచోట దాని బరువెంతో తెలుసుకుంటే సగం భయం పోతుంది. సివిల్ సర్వీసుల్లో మొత్తం 2,025 మార్కుల్లో ఇంటర్వ్యూకి 275. బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్ల ఉమ్మడి ఎంపికలో ఇంటర్వ్యూ 100 మార్కులకి జరుగుతుంది, కానీ చివరి లెక్కలో మెయిన్స్ పరీక్షకి 80 వంతులు, ఇంటర్వ్యూకి 20 వంతులు. ఇంటర్వ్యూలో కనీసం 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, వికలాంగ అభ్యర్థులకి 35. ఇది చెప్పగానే మా అమ్మాయి ‘అయితే మొత్తం ఈ పావుగంటలోనే తేలిపోదా పిన్నీ?’ అని ఊపిరి పీల్చుకుంది.

ప్రైవేటు ఉద్యోగాల్లో ఈ లెక్కలుండవు. అక్కడ మొత్తం ఆ కుర్చీలో కూర్చున్న కాసేపే. అందుకే అక్కడ తయారీ ఇంకా ఎక్కువ కావాలి.

‘నాకేం అనుభవం లేదు’ అనకండి

మర్నాడు ఆ పిల్లని అడిగాను, ‘ఇంట్లో ఏమేం పనులు చేస్తావే?’ అని. ‘ఏముంది పిన్నీ, అమ్మకి కండెలు చుట్టిపెడతాను, వంట చేస్తాను, అమ్మ వాళ్ళ డ్వాక్రా సంఘం పుస్తకం రాస్తాను’ అంది.

‘ఆగాగు. సంఘం పుస్తకం ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నావు?’

‘ఇంటర్ నుంచి.’

అయిదేళ్ళుగా పదిమంది ఆడవాళ్ళ పొదుపు, అప్పు, వడ్డీ, తీర్మానాలు రాస్తున్న పిల్ల, బ్యాంకు ఉద్యోగానికి వెళ్తూ తనకి అనుభవం లేదంటుంది! పొదుపు సంఘాల్ని బ్యాంకులతో కలిపే పనిని నాబార్డు 1992లో మొదలుపెట్టింది. ఆ పద్ధతిని మన తెలుగు ఆడవాళ్ళు అందిపుచ్చుకున్నంత గట్టిగా అందుకున్నవాళ్ళు దేశంలో తక్కువ. అలాంటి సంఘం లెక్కలు చేతిరాతతో రాసిన పిల్లకి చెప్పుకోవడానికేమీ లేకపోవడమేమిటి?

‘ఎప్పుడైనా లెక్కలో గొడవొచ్చిందా?’ అన్నాను. వచ్చిందట. ఒకసారి ఆరొందలు తేడా వచ్చి, లీడరు తినేసిందని ఒకావిడ నలుగురిలో అనేసిందట. ఈ పిల్ల బ్యాంకు పాస్ పుస్తకం, సంఘం పుస్తకం పక్కపక్కన పెట్టి వరసగా చూస్తే, ఒక వాయిదా రెండుసార్లు రాసి ఉందట. రాసింది తనే! మీటింగులో లేచి ‘తప్పు నాది, లీడరుగారిది కాదు’ అని చెప్పిందట. ఆ తర్వాత ప్రతి మీటింగులో అంకెలన్నీ పైకి చదివి వినిపించాకే సంతకాలు పెట్టించడం మొదలుపెట్టిందట.

‘ఇది చెప్పవే ఇంటర్వ్యూలో!’ అన్నాను. ‘నా తప్పు చెప్పుకోనా?’ అని కళ్ళు పెద్దవి చేసింది. తప్పు చేయనివాళ్ళు ఎవరూ ఉండరని కుర్చీలో కూర్చున్నవాళ్ళకి తెలుసు. తప్పు జరిగాక ఏం చేస్తామన్నదే వాళ్ళకి కావాలి.

ఇలాంటి అనుభవం చెప్పేటప్పుడు నాలుగు పోగులు తెగకుండా చూసుకోవాలి. ఏం జరిగింది? అందులో నా వంతు ఏమిటి? నేనేం చేశాను? చివరికేమైంది? ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాలు. మొత్తం నిమిషం, నిమిషంన్నర. మన ఆడవాళ్ళం మొదటిది సాగదీస్తాం, మూడోది మింగేస్తాం. ‘అందరం కలిసి చేశామండీ’ అంటాం. అందరూ కలిసే చేసుంటారు, కానీ అక్కడ కూర్చున్నది మీరు. మీ వంతు చెప్పండి.

ఒక నోటు పుస్తకం తీసుకుని ఇలాంటివి అయిదారు రాసుకోండి. కష్టపడి నేర్చుకున్నది ఒకటి, తప్పు దిద్దుకున్నది ఒకటి, నలుగురితో కలిసి చేసినది ఒకటి, ఎవరితోనో పేచీ వస్తే సర్దిచెప్పింది ఒకటి. ప్రశ్న ఎటు నుంచి వచ్చినా ఈ అయిదారులో ఒకటి అక్కరకొస్తుంది. జవాబులు మాత్రం బట్టీ పట్టకండి. ముఖ్యమైన మాటలు గుర్తుంచుకుని ప్రతిసారీ కొత్తగా చెప్పండి. బట్టీ పట్టినది ఒక్క మాట జారితే మొత్తం జారిపోతుంది.

నాన్న నేత, ఊరు చీరాల

ఇక ఆ ‘బిజినెస్’ సంగతి. ఆ పిల్లకి కోపం వస్తుందని తెలిసే అడిగాను, ‘నాన్న మగ్గం నేస్తాడని చెప్పడానికి సిగ్గా?’ అని. ఏడ్చింది. కోచింగులో స్నేహితురాళ్ళ నాన్నలంతా ఉద్యోగస్థులట.

‘సరే, బిజినెస్ అన్నావనుకో. ఏ బిజినెస్? టర్నోవరెంత? అని అడిగితే?’ అన్నాను. ఏడుపులోనే నవ్వింది.

ఇంటర్వ్యూలో మన ఊరు, మన పేరు, మన ఇంటి వృత్తి, చదివిన సబ్జెక్టు... ఈ నాలుగిటి మీద ప్రశ్నలు రాకుండా ఉండవు. వాటికి జవాబులు మీ ఇంట్లోనే ఉన్నాయి. కుప్పడం చీర అంటే ఏమిటి? ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరుగా పెట్టి రెండింటినీ మగ్గం మీదే కలుపుతూ నేసేది. చేనేత దినం ఎప్పుడు? ఆగస్టు 7. 1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజది, 2015 నుంచి జాతీయ చేనేత దినంగా జరుపుతున్నారు. చీరాల గొప్పేమిటి? 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టమంటూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట జనం ఇళ్ళు ఖాళీచేసి ఊరి బయట రామనగర్ లో కాపురాలు పెట్టిన ఊరు. ఏ జిల్లా? ఒకప్పుడు గుంటూరు, 1970 నుంచి ఒంగోలు జిల్లా, అదే 1972లో ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా.

ఇవన్నీ ఆ పిల్ల పుట్టిన ఊరి సంగతులే. ఎప్పుడూ ఎవరూ అడగలేదు కాబట్టి పోగుచేసుకోలేదు. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. ఆ ఇరవై రోజుల్లో నాలుగుసార్లు వెళ్ళొచ్చింది. మీ ఊళ్ళో అంత పెద్ద గ్రంథాలయం లేకపోతే మీ తాతగారు ఉంటారు, బడిలో పాత మాస్టారు ఉంటారు. అడగండి.

అలాగే వెళ్ళే సంస్థ గురించీ ఒక పేజీ రాసుకోవాలి. ఏం చేస్తుంది, ఎవరికి చేస్తుంది, మీకిచ్చే పని ఏమిటి. ప్రకటన కాగితాన్ని మూడుసార్లు చదవండి. అందులో అడిగిన ఒక్కో అర్హతకి ఎదురుగా మీ అనుభవంలోంచి ఒక్కో ఉదాహరణ రాయండి. ఇంతకు మించిన గైడు లేదు.

‘తెలియదండి’ కూడా జవాబే

తెలియనిది అడిగితే మా అమ్మాయి కళ్ళు పైకి పెట్టి ఆలోచిస్తున్నట్టు నటించేది. లేదా ఏదో ఒకటి అనేసేది. ‘క్షమించండి సార్, నాకు తెలియదు. తెలుసుకుంటాను’ అని నవ్వుమొహంతో అనడానికి వారం పట్టింది! పరీక్షలో ఖాళీ వదిలితే సున్నా అని అలవాటైన ప్రాణాలు మనవి. ఇక్కడ ఊహించి చెప్పిన తప్పు జవాబుకి వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది, అదే చిక్కు. సగం తెలిస్తే ‘ఇంతవరకు తెలుసండి’ అని ఆ సగమే చెప్పండి.

ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి. జవాబుకి ముందు రెండు క్షణాలు ఆగితే ఎవరూ ఏమీ అనుకోరు. వాక్యం చివర గొంతు నీరసపడకుండా చూసుకోండి, మన పిల్లల్లో ఇది చాలామందికి ఉంది. సగం మాట నోట్లోనే ఉండిపోతుంది. ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వీధి గుమ్మం దగ్గరున్న మనిషికి వినపడేట్టు చెప్పి చూసుకోండి. అరవక్కర్లేదు, చివరి మాట దాకా వినపడాలి.

ఇంగ్లీషు భయం సంగతీ చెప్పాలి. ఇంగ్లీషు అవసరమైన ఉద్యోగానికి ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే, దానికి దగ్గరదారి లేదు. కానీ చిన్న చిన్న వాక్యాలు నిదానంగా, తప్పుల్లేకుండా చెబితే చాలు. గడగడా మాట్లాడితేనే తెలివి అనుకోకండి. సివిల్స్ లో తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వొచ్చు, దుబాసీని వాళ్ళే ఏర్పాటు చేస్తారు. శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చి, ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ తెలుగు మాధ్యమంలోనే రాసిన రోణంకి గోపాలకృష్ణగారికి 2016 సివిల్స్ లో దేశం మొత్తం మీద 3వ ర్యాంకు వచ్చింది. భాష అడ్డం కాదని ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలి?

‘పెళ్ళెప్పుడు?’

నా నోరు మూయించిన ప్రశ్న ఇది. ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. పెళ్ళికాని పిల్లని పెళ్ళెప్పుడని, పెళ్ళయినదాన్ని పిల్లలెప్పుడని, పిల్లలున్నదాన్ని పిల్లల్ని ఎవరు చూస్తారని. మగపిల్లల్ని ఈ మూడూ అడగరు.

1949లో విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి.ముత్తమ్మగారిని ఇంటర్వ్యూలోనే ఛైర్మన్ ఈ ఉద్యోగం వద్దులెమ్మని నిరుత్సాహపరిచారట. పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేస్తానని రాసివ్వాల్సి వచ్చిందావిడకి. ఆవిడ వేసిన కేసులోనే 1979లో సుప్రీంకోర్టు ఆ నిబంధనల్ని గట్టిగా తప్పుపట్టింది. 1976 నాటి సమాన వేతన చట్టం ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడవాళ్ళ పట్ల వివక్ష కూడదంది, 2019 నాటి వేతనాల కోడ్ లోనూ ఆ మాట ఉంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాలయింది. యాభైమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోట పిల్లల్ని చూసే గది ఉండాలన్నదీ ఆ చట్టమే.

చట్టం ఉంది కదా అని అక్కడ కూర్చుని వాదించమనడం లేదు. తల దించుకోవద్దంటున్నాను. ‘ఉద్యోగం చేయాలన్నది నా నిర్ణయమండీ. పెళ్ళయినా అది మారదు. బదిలీల సంగతి తెలిసే దరఖాస్తు చేశాను’ అంటే చాలు. మూడు వాక్యాలు. అక్కడితో ఆపి నవ్వండి. అంతకు మించి తవ్వేవాళ్ళయితే ఆ చోటు మనకి తగినదేనా అని మనమూ ఆలోచించుకోవాలి. ఇంటర్వ్యూ అంటే వాళ్ళు మనల్ని చూడ్డమే కాదు, మనమూ వాళ్ళని చూసి రావడం.

అయ్యలసోమయాజుల లలితగారి పేరు విన్నారా? మద్రాసులో పుట్టిన తెలుగావిడ. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. ఆ పాపని పెంచుకుంటూ గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి 1940లలో మన దేశంలో మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరయ్యారు. సిమ్లాలో, తర్వాత కలకత్తాలో ఉద్యోగం చేశారు. భాక్రానంగల్ డ్యామ్ విద్యుత్ లైన్ల పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. ‘పిల్లల్ని ఎవరు చూస్తారు’ అన్న ప్రశ్న ఆవిడకీ ఎదురయ్యే ఉంటుంది. అన్నదమ్ముల ఇళ్ళల్లో పాపని ఉంచుకుని జవాబు చూసుకున్నారు. మనింట్లోనూ ఆ మాట ఇంటర్వ్యూకి ముందే, అత్తగారితో, ఆయనతో కూర్చుని తేల్చుకోవాలి. ఇంట్లో తేలితే బయట గొంతు వణకదు.

‘ఖాళీగా ఇంట్లోనే ఉన్నానండి’

నా డిగ్రీ స్నేహితురాలొకావిడ పన్నెండేళ్ళ తర్వాత ఒక ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగానికి వెళ్ళింది. ‘ఇన్నాళ్ళూ ఏం చేశారు?’ అంటే ‘ఖాళీగా ఇంట్లోనే ఉన్నానండి’ అందట. ఇద్దరు పిల్లల్ని, మంచాన పడ్డ మామగారిని చూసుకుంటూ సాయంత్రం వీధి పిల్లలకి ట్యూషన్ చెప్పిన మనిషి ఖాళీగా ఉందట! ఆ మాట మనం నోట్లోంచి తీసిపారేయాలి. ‘ఇంటి బాధ్యతల కోసం ఆగాను. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఈ ఆరేళ్ళుగా హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతున్నాను’ అంటే అబద్ధం ఒక్కటి లేదు, నామోషీ ఒక్కటి లేదు.

రెండోసారి ఇంకో బడికి అలాగే చెప్పింది. టీచరు ఉద్యోగమైతే డెమో క్లాసు అడుగుతారు. ఆవిడ తన పదిహేను నిమిషాల పాఠాన్ని మా ఇంట్లో మా అబ్బాయికీ, వాడి స్నేహితులకీ మూడుసార్లు చెప్పుకుంది. మొదటిసారి పిల్లలు ఆవలించారు. మూడోసారి ప్రశ్నలడిగారు. అప్పుడే అనుకున్నాను, వస్తుందని. వచ్చింది.

జీతం అడిగితే ‘మీ ఇష్టమండీ’ అనకండి. చుట్టుపక్కల బళ్ళలో ఎంతిస్తున్నారో ముందే కనుక్కుని వెళ్ళి, ‘ఇంత అనుకుంటున్నానండి’ అని అంకె చెప్పండి. కూరలోడి దగ్గర బేరమాడే మనకి మన పనికి ధర చెప్పడానికి మొహమాటమా?

ముందురోజు సంచి

ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగిన వరసలో పెట్టుకోండి. జిరాక్సులు రెండు సెట్లు, ఫోటోలు, గుర్తింపు కార్డు, కాల్ లెటరు, పెన్ను. పేరు సంగతి మరీ ముఖ్యం. టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరాల్లో, ఆధార్ లో పూర్తిగా, పెళ్ళయ్యాక బ్యాంకు పుస్తకంలో భర్త ఇంటిపేరు... మన ఆడవాళ్ళకి ఈ చిక్కు ఎక్కువ. కాల్ లెటరు వచ్చాక కాదు, దరఖాస్తు రోజే సరిచూసుకోండి. బీసీలు కేంద్ర సంస్థలకి వెళ్ళేటప్పుడు రాష్ట్రం ఇచ్చే కుల ధ్రువపత్రం చాలదు, కేంద్రం నమూనాలో క్రీమీ లేయర్ కాదని రాసిన ఓబీసీ పత్రం కావాలి. మా అమ్మాయి దీనికోసమే నాలుగు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగింది.

చీరైనా చుడీదారైనా పర్వాలేదు. శుభ్రంగా ఇస్త్రీ చేసి ఉండాలి, మనకి అలవాటైనదై ఉండాలి. ఇంటర్వ్యూ రోజున మొదటిసారి చీర కట్టకండి. గలగలలాడే గాజులు తీసేయండి. కుదిరితే ముందురోజే ఆ ఊరు చేరండి. ఉదయం ఏమైనా తినండి, ఖాళీ కడుపుతో గొంతు లేవదు. లోపలికెళ్ళేముందు ఫోను పూర్తిగా ఆపేయండి.

ఫోనులోనే ఇంటర్వ్యూ అయితే కిటికీ ఎదురుగా కూర్చోండి, వెలుగు మొహమ్మీద పడాలి. ఫోన్ని నాలుగు పుస్తకాల మీద కంటి ఎత్తుకి ఆనించండి. ఆ గంటా కుక్కరు పెట్టొద్దని ఇంట్లో చెప్పండి. కరెంటు పోతే వాడుకోవడానికి రెండో ఫోను ఛార్జి చేసి ఉంచండి.

ఇంకొక్క మాట. ఇంటర్వ్యూకనో, రిజిస్ట్రేషనుకనో, ట్రైనింగుకనో ముందు డబ్బు కట్టమని ఫోను చేసేవాళ్ళని నమ్మకండి. ప్రభుత్వ పరీక్షకి దరఖాస్తు రుసుము వేరు, ఇది వేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదిలి రాకండి. చూపించి, తెచ్చుకోండి.

ఆ రోజు ఏమైందంటే...

మా అమ్మాయి వాళ్ళమ్మ నేసిన నూలు చీర కట్టుకునే వెళ్ళింది. ‘మీ గురించి చెప్పండి’ అనే అడిగారట. ‘మాది చీరాల. మా అమ్మా నాన్నా చేనేత పనివాళ్ళు. నేను కామర్సు చదివాను, అయిదేళ్ళుగా మా పొదుపు సంఘం లెక్కలు రాస్తున్నాను’ అని మొదలుపెట్టిందట. అంతే, ఇక ప్రశ్నలన్నీ అక్కడి నుంచే. చేనేతవాళ్ళకి ముద్రా అప్పుంది కదా, ఎంత వడ్డీ? 6 శాతం. మరి మీ వీధిలో ఎందుకు ఎక్కువమంది తీసుకోరు? ‘నూలు మాస్టర్ వీవర్ ఇస్తారు సార్, మావాళ్ళకి చీరకింత అని మజూరీ. అప్పు తెచ్చి సొంతంగా నూలు కొన్నా చీర అమ్మిపెట్టేవాళ్ళు లేకపోతే వాయిదా కట్టలేమని భయం’ అందట. ముగ్గురూ రాసుకోవడం మానేసి విన్నారట. తర్వాత బ్యాంకింగు మీద రెండు ప్రశ్నలకి ‘తెలియదండి’ అనే చెప్పి వచ్చింది.

ఆ సాయంత్రం నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. మగ్గం మీద ఉన్న వాళ్ళమ్మ నాడె ఆపి ‘ఏమడిగారే?’ అంది. ‘నీ గురించే అడిగారమ్మా’ అంది ఆ పిల్ల. ఆవిడ కాసేపేం మాట్లాడలేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ నేయడం మొదలుపెట్టింది.

ఉద్యోగం వచ్చిందా అంటారా? ఆ ఏడు రాలేదు. ఇంటర్వ్యూలో మార్కులు బాగానే వచ్చాయి, మెయిన్స్ లో తగ్గాయి. అబద్ధం చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టడం నాకిష్టం లేదు. అన్నీ సరిగ్గా చేసినా రాని రోజులుంటాయి. ఫలితాలు వచ్చిన రాత్రి వాళ్ళ నాన్న మళ్ళీ పొన్నూరు సంబంధం ఎత్తాడట. ఎన్నడూ ఎదురు మాట్లాడని వాళ్ళమ్మ, ‘ఇంకొక్క ఏడు. నా కూలి డబ్బులతో చదివిస్తాను’ అందట. అంతే, ఆయన ఇంకేమీ అనలేదు.

మరుసటి ఏడు ఆ పిల్ల నా దగ్గరికి ప్రాక్టీసుకి రాలేదు. అవసరం లేకపోయింది. ఇప్పుడొక బ్యాంకు పల్లెటూరి బ్రాంచిలో ఆఫీసరు. పండక్కి వచ్చినప్పుడు పక్క వీధి పిల్లలు ఇద్దరిని మంచం మీద కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతోంది.

మీరూ ఒక పని చేయండి. ఇంటర్వ్యూ ఉన్నా లేకపోయినా సరే, ఈ రాత్రి పనులయ్యాక ఒక కాగితం తీసుకుని ‘నా గురించి’ అని రాసి, కింద పది వాక్యాలు రాయండి. మీవాళ్ళ గురించి కాదు, మీ గురించి. ఎంత కష్టమో చూడండి! నేను మూడు రాత్రులు కూర్చున్నాను. మొదటి వాక్యంలో మా నాన్నగారూ, అన్నయ్యా లేకుండా రాయడానికే ఒక రాత్రి పట్టింది.